సంజ్ఞాసంకరము: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వివాదము

సూత్రమునకు వృత్తి యెట్టిదో కంప్యూటరు ప్రోగ్రామునకు వివరణ మట్టిది. మూలసంకేతము నెల్లరకు తెఱచియుంచినను వివరణము లోపించినచో నది వృత్తిలేని సూత్రమే. కర్తలలో కలహము పుట్టినచో నీ లోపము మఱింత ముదురును.

దృశ్యశ్రవ్యముల నొక రూపమునుండి వేఱొక రూపమునకు మార్చు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను బహిరంగ ప్రోగ్రామును ఫాబ్రీస్ బెల్లార్ 2000లో నారంభించెను. 2011లో, మార్పులను పరీక్షించి యంగీకరించు పద్ధతిని గూర్చియు, నాయకత్వమును గూర్చియు తగవు పెరిగి, యొక వర్గము విడివడి లిబావ్ అను పేరు దాల్చెను. లినక్సు ప్రోగ్రాములను సమకూర్చి పంచు డెబియన్‌వారు లిబావ్‌నే గ్రహించిరి. అంతట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను నాజ్ఞ నిచ్చినవారికి, ఈ ప్రోగ్రామునకు కాలము చెల్లినదనియు, ఏవికన్వ్ వాడవలయుననియు సందేశము కనబడజొచ్చెను. కాలము చెల్లినది లిబావ్‌లో నాపేరుగల యాజ్ఞ మాత్రమే. మూలమైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ యథాపూర్వముగ సాగుచునేయుండెను. సంజ్ఞ యొకటి, సంజ్ఞులు రెండు! చదివినవారు పలువురు మూలమే నశించెనని భ్రమించిరి. "లిబావ్‌లోని" యను విశేషణ మొక్కటి చేర్చియుండిన నీ భ్రాంతికి తావులేకుండెడిది. లాఘవము గుణమే, సందేహము పుట్టించు లాఘవము మాత్రము దోషము.

2015లో డెబియన్‌వారు మరల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నే స్వీకరించిరి. ఆ యేడే, ఇరుపక్షములు కలియుటకు తోడ్పడునను నాశతో మైకేల్ నీడర్‌మేయర్ నాయకత్వమును విడిచెను.