ఒక పెరట్లో మూడు పుంజులు

సావనీరుకు సైన్సు వ్యాసం రాయమన్నప్పుడు నేనేదో రాకెట్ల గురించో కంప్యూటర్ల గురించో రాస్తాననుకుని ఉంటారు మిత్రులు. నేను రాస్తున్నది మా పెరట్లో కోళ్ళ గురించి. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు గాని, నా పరీక్ష ఫీజు రెండుసార్లు కట్టింది మా నాయనమ్మ కోళ్ళ డబ్బులే. ఆ కోళ్ళ విషయంలోనే, సైన్సు చదువుతూ ఉండి కూడా, నేనొక పెద్ద పొరపాటు చేశాను.

ఒక వరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక పెరట్లో రెండు పుంజులూ ఇమడవనే చాలామంది నమ్మకం. మా ఇంట్లో మాత్రం పాతిక పెట్టల మధ్య మూడు పుంజులు రెండేళ్ళు కలిసి బతికాయి. మూడూ ఒకే పెట్ట పొదిగిన పిల్లలు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. నూకలు చల్లితే డేగ ముందుకొచ్చేది. అది ఒక్క అడుగు వేస్తే చాలు, కాకి పక్కకు తప్పుకునేది. కాకిని చూసి సేతువ తప్పుకునేది. కొట్లాట లేదు, నెత్తురు లేదు.

కోళ్ళలో ఈ వరస ఉందని శాస్త్రీయంగా మొదట వివరించినవాడు నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె. చిన్నతనం నుంచీ కోళ్ళను గమనించిన ఆయన 1922లో ఈ సంగతి ప్రచురించాడు. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చో, ఏది ఎవరికి లొంగాలో ముందే తేలిపోయి ఉంటుంది. పుంజులకు ఒక వరస, పెట్టలకు ఇంకొకటి. నాలుగైదు నెలల వయసులో పుంజులు మెడ ఈకలు రిక్కించి తలపడేది ఈ వరస తేల్చుకోవడానికే. ఒకసారి తేలాక రోజూ కొట్టుకోవలసిన పని లేదు. కాలి ముళ్ళతో పోరాడితే గెలిచినదానికీ దెబ్బలే గదా!

అయితే ఈ శాంతి అంతా జ్ఞాపకం మీద నిలబడింది. ఒకదాన్నొకటి తలనూ, తురాయినీ చూసి గుర్తుపడతాయి. కొన్ని వారాలు కనబడకపోతే ఆ గుర్తు చెరిగిపోతుంది. నాకు తెలియనిది ఇదే.

కిందటి వేసవి సెలవుల్లో డేగ అరికాలిలో ముల్లు దిగి చీము పట్టింది. కదలకుండా ఉంటే మానుతుందని పొలం దగ్గర పశువుల పాకలో గంప కింద పెట్టాను. మూడు వారాలు నేనే మేత వేశాను. ఆ రోజుల్లో ఇంటి దగ్గర తెల్లవారుజామున కాకి ముందు కూసేది. విన్నాను గాని, అదేమిటో ఆలోచించలేదు. జపాను శాస్త్రజ్ఞులు 2015లో ప్రచురించిన పరిశోధన తర్వాత చదివాను. పుంజుల గుంపులో పెద్దది ముందు కూస్తుంది, తక్కినవి వరసలో అందుకుంటాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలుపెడుతుంది. అంటే మా పెరట్లో అప్పటికే పెత్తనం మారిపోయిందన్నమాట.

కాలు మానగానే డేగను తెచ్చి పట్టపగలు పెరట్లో వదిలి, నీళ్ళు పెట్టడానికి పొలం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గడ్డివామి పక్కన పడి ఉంది. ఒక కన్ను పోయింది. కాకి పడగొడితే, నెత్తురు చూసి సేతువ కూడా పొడిచింది. ఆ రాత్రే చచ్చిపోయింది.

నాయనమ్మ తిట్టలేదు. "కళ్ళెదుట గంప కిందే ఉంచాల్సిందిరా. కనబడనివాడు కొత్తవాడే. నీ పుస్తకాల్లో లేదా?" అంది. ఉంది. చూడనిది నేను.

పుంజులు పెంచే ఇళ్ళవారికి నాలుగు మాటలు. ఒకటి, కలిసి పెరిగిన పుంజులనే కలిపి ఉంచండి. రెండు, పుంజుకు ఎనిమిది, పది పెట్టలైనా ఉండాలి. లేకపోతే పెట్టల వీపులే ఊడతాయి. మూడు, మేత ఒక్కచోట కాక రెండు మూడు చోట్ల వేయండి. ఓడినది దాక్కోవడానికి ఓ చాటు ఉండాలి. నాలుగు, కొత్తదాన్ని తెస్తే ముందు దూరంగా ఉంచి జబ్బు లేదని చూసుకోండి. తర్వాత పెరట్లోనే గంప కింద వారం, పది రోజులు కనబడనివ్వండి. వదిలిన రోజున మీరు అక్కడే ఉండండి. ఇవన్నీ మామూలు నాటుకోళ్ళకు. అసీల్ జాతి పుంజులు కలిసి పెరిగినా, ఈడొచ్చాక చచ్చేదాకా పోరాడతాయి. వాటిని విడిగా కట్టేయక తప్పదు.

మొన్న దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. తెల్లవారుజామున కాకి కూసింది, తర్వాత సేతువ. మూడో కూత కోసం కాసేపు అలా వింటూ పడుకున్నాను.