మిగిలిన ఆటే... ఒలింపిక్స్‌కి తీసుకెళ్లింది!

కౌన్సెలింగ్‌ రోజుల్లో బెంజ్‌ సర్కిల్‌ దగ్గర బస్సు కోసం నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: ‘కంప్యూటర్స్‌ రాలేదురా, మిగిలిన బ్రాంచి తీసుకున్నా’. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నా. అలాంటి వాళ్లందరికీ భవానీదేవి గురించి చెప్పాలనిపిస్తుంది.

పూర్తి పేరు చదలవాడ ఆనంద సుందరరామన్‌ భవానీదేవి. నాన్నది మన సామర్లకోట. చెన్నై వెళ్లి అర్చకుడిగా స్థిరపడ్డారు. భవాని 1993లో అక్కడే పుట్టింది. 2004లో స్కూల్లో ఆటలకు పేర్లు రాసుకుంటున్నారు. తన వంతు వచ్చేసరికి మిగిలింది ఒక్కటే... ఫెన్సింగ్‌. సరేనని పేరు ఇచ్చేసింది.

వెదురు కర్రతో మొదలు

ఆమెది సేబర్‌ విభాగం. ప్రత్యర్థికి నడుము పైభాగంలో కత్తి తగిలితే పాయింట్‌. ముందుగా 15 చేరుకున్నవాళ్లదే గెలుపు. కత్తులు, జాకెట్‌, మాస్క్‌... అన్నీ ఖరీదే. అందుకే రోజూ వెదురు కర్రలతో సాధన చేసి, అసలు కత్తిని పోటీలకు దాచుకునేది. ఖర్చుల కోసం అమ్మ నగలు తాకట్టు పెట్టింది.

14 ఏళ్లకు తొలి అంతర్జాతీయ పోటీ, టర్కీలో. బౌట్‌కి మూడు నిమిషాలు ఆలస్యమైంది. బ్లాక్‌ కార్డ్‌ చూపించి బయటికి పంపేశారు! ఇంటర్వ్యూకి లేటైతే ‘ట్రాఫిక్‌ సార్‌’ అనే మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఓడినా ఆగలేదు

పదో తరగతి అయ్యాక ఇల్లు వదిలి కేరళలోని తలశ్శేరి సాయ్‌ కేంద్రంలో చేరింది. 2016 రియో ఒలింపిక్స్‌ చేజారింది. ఇటలీలో కోచ్‌ నికోలా జనోటీ దగ్గర సాధన కొనసాగించింది. 2017లో ఐస్‌లాండ్‌లో, 2018లో కామన్వెల్త్‌ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణాలు గెలిచింది. 2021లో ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి భారత ఫెన్సర్‌ అయింది.

టోక్యోలో తొలి బౌట్‌ 15-3తో గెలిచి, రెండోది ఫ్రాన్స్‌ క్రీడాకారిణి మనోన్‌ బ్రూనె చేతిలో 7-15తో ఓడింది. దేశానికి క్షమాపణ చెబుతూ ట్వీట్‌ చేసింది. రెండేళ్లు తిరిగేసరికి 2023 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ప్రపంచ ఛాంపియన్‌ మిసాకి ఎమురాను 15-10తో ఓడించింది. సెమీస్‌లో ఒక్క పాయింట్‌ తేడాతో ఓడినా కాంస్యం దక్కింది. ఆ పోటీల్లో భారత్‌కి అదే తొలి పతకం.

మరి మన సంగతి?

మిగిలింది తీసుకున్న ప్రతివాళ్లూ ఛాంపియన్లు కారు. భవాని కూడా 2024 పారిస్‌కి వెళ్లలేకపోయింది. కానీ ‘నాకు నచ్చింది దొరకలేదు’ అంటూ నాలుగేళ్లు గడిపేస్తే ఫైనల్‌ ఇయర్‌లో రెజ్యూమెలో రాయడానికేమీ ఉండదు. నాకు మిగిలింది మెకానికల్‌. సొంత ల్యాప్‌టాప్‌ లేక, నోట్‌బుక్‌లో ప్రోగ్రాములు రాసుకుని కాలేజీ ల్యాబ్‌లో రన్‌ చేసేవాణ్ని. నా వెదురు కర్ర అదే. మీ చేతిలో ఇప్పుడు ఏముందో చూసుకోండి. ఈ వారమే దాంతో మొదలుపెట్టండి.