ఇనుముమీద గీత నిలుచుట యెట్లు?

నేడు నేను చెప్పబోవునది లోహపుపని చేయు శాలలకు సంబంధించిన విషయము. అది మనకేల యని మీకు తోచవచ్చును. మన దాచేపల్లివంటి యూళ్లలో ట్రాక్టరు నాగలి విరిగినను, మందుకొట్టు యంత్రము ఇరుసు అరిగినను మన మట్టి శాలలకే పోవుదుము గదా. మన మనుమలును కొందరు అచ్చటనే పని నేర్చుచున్నారు. వారి చేతికి నీలము, బట్టకు నీలము, ఒక్కొక్కప్పుడు త్రాగు చెంబునకును నీలము అంటియుండును. ఆ నీలమేమో పెద్దలు తెలిసికొనుట మంచిది.

వడ్రంగి దూలమును కోయుటకు ముందు దారమునకు రంగు పూసి, లాగిపట్టి విడుచును. కొయ్యమీద తిన్నని గీత పడును. సంస్కృతమున వడ్రంగికి సూత్రధారుడను పేరు కలదు; సూత్రమనగా దారమే. నాటకమునందలి సూత్రధారుడు ఇతనికి ముందువాడో వెనుకవాడో యను వాదమును నేను పండితులకు విడిచిపెట్టుచున్నాను.

ఇనుముమీద ఈ దారము సాగదు. ఆకురాయితో రాచి మెరుగుపెట్టిన ఇనుము తళతళలాడుచుండును. దానిపై ఉక్కుముల్లుతో గీచినను, గీత మెరుపు తలము మెరుపులో కలిసిపోయి కంటికి ఆనదు. కావున మొదట తలమునకు పలుచగా రంగు పూసి, అది యారిన పిదప మూలమట్టము నానించి ముల్లుతో గీయుదురు. ముల్లు రంగును గోకివేసినచోట లోని లోహము సన్నని వెండితీగవలె కనబడును. రంగు దట్టమైనచో గీత యంచులు పెచ్చులూడి, ఎచ్చట కోయవలయునో తెలియదు. గీత యొక మిల్లీమీటరు తప్పినచో రంధ్రము తప్పును; రంధ్రము తప్పినచో మర బిగియదు; క్రొత్త ఇనుము కొనవలసివచ్చును. పంటవేళ రెండుదినములు యంత్రము నిలిచిన రైతునకు ఆ మిల్లీమీటరు వెల యెంతయో వేరుగ చెప్పనక్కరలేదు.

పోతపోసిన గరుకు ఇనుమునకు మన సున్నమే చాలును. పల్నాటి సున్నపురాయిని కాల్చి, నీటితో విరిచి, కొంచెము జిగురు కలిపి పూసిన తెల్లని తలముపై గీత చక్కగా తెలియును. పని ముగిసిన తరువాత కుంచెతో రుద్ది కడిగిన పోవును. దీనికింతకంటె చెప్పవలసినది లేదు.

మెరుగుపెట్టిన ఉక్కునకు పూర్వమునుండి వాడునది మైలుతుత్తము. సంస్కృతమున మయూరతుత్థమందురు, నెమలికంఠపు వన్నెను బట్టి వచ్చిన పేరిది. దీనిని నీటిలో కరగించి, గంధకామ్లము కొన్ని చుక్కలు చేర్చి, నూనెజిడ్డు లేకుండ తుడిచిన ఉక్కుపై పూసినచో క్షణములో ఎఱ్ఱని రాగిపొర ఏర్పడును. ఆమ్లమును నీటిలో పోయవలయును గాని నీటిని ఆమ్లములో పోయరాదు.

ఈ వింత మీరెరుగనిది కాదు. మిరపచేనికి బోర్డో మిశ్రమము కలిపినవారు ఇనుపకత్తిని అందులో ముంచి చూచియుందురు. కత్తి ఎఱ్ఱబారినచో సున్నము చాలలేదని మరికొంత కలుపుదురు. శాలలో ఉక్కుమీద జరుగునదియు ఇదియే. నీటిలోని రాగి వెలికివచ్చి ఇనుమునంటును. ఇనుము కొంత కరగి నీటిలోనికి పోవును. హెరెన్‌గ్రుండ్ అను గనియూరు పూర్వము హంగరీ రాజ్యములోనిది, ఇప్పుడు స్లొవేకియా దేశమున నున్నది. అచ్చటి గనినీటిలో ఇనుమును నానవైచి, అట్లు వచ్చిన రాగితో 17, 18 శతాబ్దములలో గిన్నెలు చేసి, ఇనుము రాగిగా మారెనని చెప్పుకొనెడివారు. మారుట కాదు, చోటు విడిచి చోటు చేరుటయే.

ఈ రాగిపొర నూనె తగిలినను చెదరదు. అది దీని గుణము. ఇత్తడిమీదను అల్యూమినియముమీదను దీనిని వాడరాదు. అది దీని హద్దు. పని ముగిసిన వెంటనే గరుకుకాగితముతో రుద్ది, నీట కడిగి, తడియార్చి, నూనె రాయవలయును. తడి మిగిలినచో తెల్లవారునప్పటికి త్రుప్పు పట్టును. కొలతపనిముట్లపై దీనిని పడనీయరాదు.

ఇప్పటి శాలలలో సాధారణముగా వాడునది స్పిరిటులో కరగించిన నీలిరంగు. ఒకటి రెండు నిమిషములలో ఆరును, ఇత్తడికిని పనికివచ్చును. దీనిని నీటితో కడుగబూనినచో శ్రమయే మిగులును. స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచిన వచ్చును. నేలపై ఒలికినచో పొడి ఇసుక చల్లి పీల్పించి, ఆ పిదప తుడువవలయును. అయితే ఆ స్పిరిటు ఆవిరి నిప్పునందుకొనును. కొలిమియు వెల్డింగును ఉన్నచోట సీసా మూత తీయరాదు. తడిసిన గుడ్డలను మూల కుప్పవేయక మూతగల ఇనుపడబ్బాలో నుంచవలయును. చేతినంటిన రంగును పోగొట్టుటకు కుఱ్ఱలు పెట్రోలు వాడుచుందురు. అది చర్మమును చెరచును, నిప్పునకును చుట్టము. చేతులకు తొడుగులు వేసికొన్నచో ఈ బాధయే యుండదు.

ఒక శాలలో మైలుతుత్తపు నీటిని నేను త్రాగునీటి సీసాలో చూచితిని. వేసవిలో దప్పిగొన్న పసివాడు దాని రంగు చూచి షర్బతనుకొనుటకు ఎంతసేపు పట్టును? అది విషము. వేరు సీసాలో పోసి, పేరు వ్రాసి, తాళమువేయవలయును. ఎవరైన త్రాగినచో ఇంటివైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

మిగిలిన నీలినీటిని శాలవారు కాలువలో పోయుటయు కలదు. రాగి కలిసిన నీరు కొద్దిపాటిదైనను చేపలను చంపును. గొఱ్ఱెలు తక్కిన పశువులకంటె రాగివిషమునకు త్వరగా లోబడును. కాబట్టి ఆ నీటిని ప్లాస్టిక్ తొట్టిలో పోసి, విరిచిన సున్నమును కొంచెముకొంచెముగ కలుపవలయును. రాగి నీలిబురదయై అడుగునకు దిగును. చాలినదో లేదో తెలియుటకు మిరపచేని కత్తిపరీక్షయే ఇచ్చటను పనికివచ్చును. కత్తి తెల్లగనే యున్నచో సున్నము చాలినదన్నమాట. పైతేరిన నీటిని సైతము చెరువులో కలుపరాదు. ఆ బురదను ఎండబెట్టి, డబ్బాలో మూసి, ప్రమాదకరమైన వ్యర్థములను పుచ్చుకొనువారికి అప్పగింపవలయును గాని, నాగులేటి గట్టునను మంద మేయుచోటను పారబోయరాదు.