పోయిన సంబంధం, పోని బెడద

తాంబూలాలు పుచ్చుకొన్న సంబంధం చెడిపోవడం మన ఇండ్లలో కొత్త కాదు. వెనుకటి రోజుల్లో ఇరుగుపొరుగు నాలుగు నాళ్లు చెవులు కొరుక్కొని ఊరుకొనేవారు. ఇప్పుడో, తప్పిపోయిన పెండ్లికొడుకు గాని, విడాకులైన భర్త గాని, ఒకనాటి స్నేహితుడు గాని ఫోను చేతబట్టి అర్ధరాత్రి కూడా అమ్మాయి వెంట పడగలడు. దొంగపేర్లతో ఖాతాలు తెరుస్తాడు. పాత ఫోటోలు బంధువులకు పంపుతాడు. ఆఫీసులో పైవారికి నిందలు వ్రాస్తాడు.

యలహంకలో తరాలుగా కాపురమున్న మన కుటుంబాలలో ఇటువంటి మాట పొక్కితే పెద్దలు మొదట ఏమి చేస్తారు? అమ్మాయి ఫోను లాక్కొంటారు, సందేశాలన్నీ చెరిపిస్తారు, ఆపైన వాని మేనమామను పట్టుకొని రాజీ మాట్లాడుతారు. ఉద్దేశం మంచిదే. కాని చెరిపినదంతా వానికి వ్యతిరేకమైన సాక్ష్యమని మా మనవి. పైగా ఫోను పోయినది అమ్మాయికి, వానికి కాదు!

2004లో మదరాసులో జరిగిన వ్యవహారం చూడండి. విడాకులు పొందిన ఒకామెను పెండ్లాడగోరి, కాదనిపించుకొన్న ఒక పరిచయస్థుడు ఆమె పేరుతో యాహూలో అసభ్యపు రాతలు పెట్టి, ఫోను నెంబరు కూడా వేశాడు. ఎవరెవరో ఆమెకు ఫోన్లు చేయసాగారు. ఆమె ఫిబ్రవరిలో ఫిర్యాదు చేసినది. నవంబరు 5న ఎగ్మూరు కోర్టు వానికి శిక్ష వేసినది. ఆ రాతలు ఎక్కడినుండి వచ్చినవో ఇంటర్నెట్ దుకాణం వారి సాక్ష్యం తేల్చినది.

కనుక ముందు జాగ్రత్త చేయవలసినది సాక్ష్యం. తేదీ, వేళ, ఖాతా పేరు కనబడేటట్లు స్క్రీన్ షాట్లు తీసిన తరువాతనే తొలగించమని కంపెనీకి వ్రాయాలి. అసలు ఫోనునూ దాచి ఉంచాలి. ఇద్దరికీ తెలిసిన పాస్‌వర్డులు ఆనాడే మార్చాలి. (ప్రేమగా ఉన్న రోజుల్లో చెప్పుకొన్నవి ఎన్నో ఉంటాయి.) ఇక సంబంధం వద్దని ఒక్కసారి స్పష్టంగా వ్రాసి, ఆపైన జవాబివ్వరాదు. దీనికి కారణమున్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను, ఆడమనిషి తనకు ఇష్టం లేదని తెలిపిన తరువాత కూడా వెంటపడటాన్ని నేరమంటున్నది. ఇంటర్నెట్టులో ఆమెను కనిపెట్టి ఉండటమూ అందులోనిదే. మొదటిసారి రుజువైతే మూడేండ్ల వరకు జైలు, మళ్లీ చేస్తే అయిదేండ్ల వరకు.

అబ్బాయి విజయవాడలో ఉన్నాడు, ఇక్కడ ఫిర్యాదు తీసుకొంటారా అని కొందరి సందేహం. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా తెలుపవచ్చునని కొత్త చట్టమే చెప్పుచున్నది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇంటినుండే వ్రాయవచ్చు. బెదిరింపు ముదిరితే 112కు ఫోను చేయాలి. స్టేషనుకు అమ్మాయి వెంట ఎవరైనా పెద్దవారు వెళ్లడం మంచిది గాని, ఆ పెద్ద ఎవరన్నది ఆమెనే ఎంచుకోనివ్వండి.