చార్టు ఒకరిది... ఖాతా మరొకరిది

షేర్ల ధరల కదలికను ఒక సంస్థ తెరపై చూస్తూ, కొనుగోలు అమ్మకాలను మరో సంస్థలోని ఖాతా ద్వారా జరపడం చిన్న మదుపరులలో సర్వసాధారణమైంది. జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీ 1994లో కంప్యూటర్ తెరలపై షేర్ల క్రయవిక్రయాలు ప్రారంభించిన నాడు సామాన్యుడు ఆర్డరు ఇవ్వాలంటే బ్రోకరును ఆశ్రయించవలసిందే. ఇంటర్నెట్ ద్వారా ట్రేడింగుకు సెబీ 2000లో అనుమతించింది. ఇప్పుడు ట్రేడింగ్‌వ్యూ వంటి చార్టుల వేదికకు బ్రోకరేజీ ఖాతాను అనుసంధానించుకుంటే చార్టును చూస్తూ అక్కడి నుంచే ఆర్డరు పంపవచ్చు. సౌకర్యం మాట నిజమే. అయితే ఈ అనుసంధానంలో మదుపరి ఎవరికి ఏ అధికారం అప్పగిస్తున్నాడన్నది అంతగా చర్చకు రావడం లేదు.

సక్రమమైన అనుసంధానంలో చార్టుల సంస్థ చేతికి సొమ్ము గాని, షేర్లు గాని వెళ్లవు. షేర్లు డీమాట్ ఖాతాలోను, ట్రేడింగు నగదు బ్రోకరు వద్దను ఉంటాయి. చార్టు తెరపై బ్రోకరు పేరు ఎంచుకోగానే అది మదుపరిని బ్రోకరు సొంత లాగిన్ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డు, ఓటీపీ అక్కడే ఇవ్వాలి. ఆపైన బ్రోకరు సంస్థ చార్టుల వేదికకు తాత్కాలిక టోకెన్ జారీ చేస్తుంది. ఇంటి తాళంచెవి ఇవ్వకుండా ఆ రోజుకు మాత్రమే చెల్లే ప్రవేశ చీటీ రాసివ్వడం వంటిదిది. మర్నాడు మళ్లీ లాగిన్ కావాలి. రోజూ ఈ తతంగమేమిటని విసుక్కునేవారు లేకపోలేదు గాని, ఖాతాకు రక్షణ ఉన్నది అందులోనే.

ఎక్కువమంది పొరబడేది స్టాప్‌లాస్ విషయంలో. చార్టుపై ఒక ధర వద్ద గీత గీసి, షేరు అక్కడికి దిగితే హెచ్చరించమని పెట్టుకోవడం వేరు. స్టాప్‌లాస్ ఆర్డరు వేరు. హెచ్చరిక చార్టుల సంస్థ కంప్యూటరులోనే ఉంటుంది. ఆర్డరు బ్రోకరు తనిఖీ దాటి ఎక్స్ఛేంజీకి చేరి అక్కడ వేచి ఉంటుంది. మధ్యాహ్నం ఇంట్లో కరెంటు పోయినా, ఇంటర్నెట్ తెగినా రెండవది తన పని తాను చేస్తుంది. ధర ఒక్కసారిగా జారితే కోరిన ధర దొరకకపోవచ్చుననుకోండి. మొదటిది మోగి ఊరుకుంటుంది. గీత గీశాం గనుక నష్టానికి అడ్డుకట్ట పడిందని నమ్మి తెర కట్టేసినవారికి, సాయంత్రం అమ్మకం లేని కాంట్రాక్టు నోటు చూసినప్పుడు గాని తేడా బోధపడదు.

ధరల సంగతీ అంతే. తాజా ధరల సమాచారాన్ని ఎక్స్ఛేంజీలు రుసుముపై విక్రయిస్తాయి. చందా లేని చార్టుపై ధర ఆలస్యంగా కనిపించవచ్చు. ఆర్డరు మాత్రం మార్కెట్లో ఆ క్షణాన ఉన్న ధరకే అమలవుతుంది.

2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగులో పాల్గొన్న కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం నష్టపోయారని, వారి మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. ఆర్డరు పంపడం మరింత సులువైనంత మాత్రాన ఈ లెక్క మారుతుందనుకోవడానికి ఆధారమేమీ లేదు. వారికి కొరవడినది వేగం కాదు.

మధ్యవర్తులతో ముప్పు

అసలు ప్రమాదం మరోచోట ఉంది. చార్టుకూ, బ్రోకరుకూ నేరుగా సంబంధం లేనిచోట, హెచ్చరికను ఆర్డరుగా మార్చి పంపే సాఫ్ట్‌వేర్ మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. వీరిలో కొందరు పాస్‌వర్డుతో పాటు, ఓటీపీని పుట్టించే రహస్య సంకేతాన్ని సైతం అడుగుతారు. అది ఇచ్చినవాడు తలుపుకున్న రెండు తాళాలనూ ఒకరికే అప్పగించినట్లు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం మన మదుపరులకు తెలియనిది కాదు. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఆసరా చేసుకుని వారి షేర్లను దుర్వినియోగం చేసిందంటూ సెబీ 2019 నవంబరులో ఆ సంస్థపై ఆంక్షలు విధించింది. అది సెబీ వద్ద నమోదైన సంస్థ. ఏ నమోదూ లేని మధ్యవర్తికి పాస్‌వర్డు ఇచ్చేవారు, రేపు ఎవరిని నిలదీస్తామో ఆలోచించుకోవాలి.

సెబీ ఈ అంశంపై దృష్టి సారించింది. 2025 ఫిబ్రవరి 4న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం ఎవరికైనా తెరచి ఉంచే ఏపీఐలు చెల్లవు. మధ్యవర్తికి, ఖాతాదారుకు ప్రత్యేకంగా కేటాయించిన సంకేతం ద్వారా, ముందుగా నమోదు చేసిన స్థిర ఐపీ చిరునామా నుంచి మాత్రమే ఆర్డర్లను అనుమతించాలి. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఎక్స్ఛేంజీలు ఆ తరువాత సెకనుకు 10 ఆర్డర్ల పరిమితి నిర్ణయించాయి. అది దాటితే ఆ ప్రోగ్రామును అల్గోగా నమోదు చేయించాలి. ఆగస్టు 1 నుంచి అమలు కావలసిన ఈ నిబంధనల గడువును తొలుత అక్టోబరు 1కి, ఆపై దశలవారీగా 2026 ఏప్రిల్ 1 వరకు పొడిగించారు. మదుపరికి అన్నిటికంటె ముఖ్యమైన అంశం మరొకటుంది. అల్గో ట్రేడింగుపై వచ్చే ఫిర్యాదులకు పూర్తి బాధ్యత బ్రోకరుదే. తప్పు సాఫ్ట్‌వేర్‌దని చెప్పి తప్పించుకునే వీలు లేదు. బ్రోకరు వద్ద న్యాయం జరగకపోతే సెబీ స్కోర్స్ వేదికలో ఫిర్యాదు చేయవచ్చు.

అనుసంధానం వద్దనుకున్నవారు చార్టుల చందా నిలిపివేసి ఊరుకోరాదు. బ్రోకరు ఖాతాలోకి నేరుగా వెళ్లి, అనుమతి పొందిన అప్లికేషన్ల జాబితాలో ఆ పేరు మిగిలి ఉంటే తొలగించాలి. పెండింగు ఆర్డర్లను, ముగించని పొజిషన్లను కూడా అక్కడే సరిచూసుకోవాలి. చార్టుతో సంబంధం తెగినా బ్రోకరు ఖాతాలో అవి అలాగే కొనసాగుతాయి.