మిద్దె తోటలో క్వినోవా: గింజ వేయడం నుంచి కడగడం దాకా



ఈ మధ్య లంచ్ బాక్సుల్లో క్వినోవా ఉప్మా, క్వినోవా పులిహోర కనిపిస్తున్నాయి. "టీచర్, ఇది ఏ చెట్టుకి కాస్తుంది?" అని పిల్లలు అడుగుతున్నారు. చెట్టు కాదు, మన తోటకూర, పాలకూరల కుటుంబంలోని మొక్క. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. పెరూ, బొలీవియా రైతులు వేల ఏళ్లుగా పండిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ క్వినోవా సంవత్సరంగా జరిపింది. మన అనంతపురం జిల్లాలోనూ కొందరు రైతులు సాగు చేశారు. ఇంట్లోనూ పెంచవచ్చు, అదను తప్పకపోతే.

అదే అసలు విషయం. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. కంకి నిండుగానే కనిపిస్తుంది, నలిపి చూస్తే అంతా తాలే. పంటకాలం 90 నుంచి 120 రోజులు. అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో విత్తితే ఎండలు ముదరకముందే చేతికొస్తుంది. సంక్రాంతి సెలవుల్లో చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాదికి వదిలేసుకోవడమే మంచిది.

వంటకని అమ్మే గింజలను చేదు పోవడానికి పాలిష్ చేస్తారు కాబట్టి అన్నీ మొలకెత్తవు. ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి నాలుగు రోజులు ఉంచండి. 14 మొలిస్తే ఎంత శాతం? ఆ లెక్క మీ పిల్లలే చెప్పాలి! సగం కూడా మొలవకపోతే విత్తనం విడిగా కొనుక్కోవడమే మేలు.

గ్రో బ్యాగులో ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కాస్త ఇసుక కలిపి, ఒక సెంటీమీటరు లోతులో వరుసగా వేయండి. చల్లకండి. ఎందుకంటే దీని దగ్గరి చుట్టం చక్రవర్తి కూర కలుపుగా మొలుస్తుంది, లేతగా ఉన్నప్పుడు రెండిటినీ పోల్చుకోవడం కష్టం. వరుసలో లేనిది కలుపు అనుకోవచ్చు. జానెడు పెరిగాక మొక్కకూ మొక్కకూ 25 సెంటీమీటర్లు ఉండేలా పలచన చేయండి. పీకిన లేత మొక్కలు పప్పులోకి బాగుంటాయి. వేళ్లు పట్టాక నీళ్లు తక్కువ చాలు, నిలిస్తే కుళ్లుతుంది. పేనుబంక పడితే వేపనూనె నీళ్లలో కలిపి చల్లండి.

ఆకులు పండి రాలిపోయి, గింజను గోటితో నొక్కినా నొక్కు పడకపోతే కోతకు వచ్చినట్టు. కంకులు ఎండబెట్టి, నలిపి, చేటతో చెరిగితే సరి. పది మొక్కలు బాగా పండినా రెండు మూడు పూటల ఉప్మాకే వస్తాయి. పోషకాలున్న మాట నిజమే కానీ, దీనికోసం కొర్రలు, జొన్నలు మానేయాల్సిన పని లేదని నా అభిప్రాయం.

వండేముందు బాగా కడగాలి. గింజ పై పొరలో సపోనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. కుంకుడుకాయ నురగకు కారణమూ ఈ సపోనిన్లే. ఈ చేదు వల్లే పక్షులు కంకులను అంతగా ముట్టుకోవు. గింజలను నీళ్లలో రుద్దితే కుంకుడు రసంలాగే నురగ వస్తుంది. ఆ గిన్నె పిల్లల చేతికే ఇవ్వండి. నురగ రావడం ఆగేదాకా నీళ్లు మార్చాలి.