యంత్రపరిభాషలో పదౌచిత్యము: ‘నల్లజాబితా’, ‘బానిస’

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. అచ్చటి గనుల రాతిని చీల్చి, నునుపుచేసి, చట్రమున బిగించిన నల్లని పలకపై పెక్కుతరముల బిడ్డలు ఓనమాలు దిద్దిరి. ఆ పట్టణమునకు పడమట నల్లమల. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనుండిన ఈ మార్కాపురము, గిద్దలూరు సీమల విద్యార్థి, కంప్యూటరు ప్రోగ్రాముల రచన నేర్వబోయి ‘నల్లజాబితా’ యను పదమును చదివినచో నేమి గ్రహించును?

అది ‘బ్లాక్‌లిస్టు’నకు మక్కికిమక్కి యనువాదము. ప్రవేశము నిరాకరింపబడినవాని పట్టిక యని భావము. ఆ భావమును నలుపు తెలుపదు. ఆంగ్లవ్యవహార మెరిగినవానికే స్ఫురించును. ‘మొగము నల్లబడెను’ అను పలుకుబడి మనదే కదా యని యాక్షేపింపవచ్చును. నిజమే, కాని యది అవమానమును, ఖేదమును చెప్పునే గాని నిషేధమును చెప్పదు. ‘నిషేధజాబితా’, ‘అనుమతిజాబితా’ యన్నచో వ్యాఖ్యాన మక్కరలేదు.

ఇంతకంటె చిక్కైనది ‘మాస్టర్-స్లేవ్’ జంట. ఒక డేటాబేసునందలి మార్పులను వేరొకటి యథాతథముగా నెత్తివ్రాసికొను ఏర్పాటున కీ పేరు చిరకాలము చెల్లినది. 2014లో జాంగో, 2018లో పైథాన్ నిర్మాతలు దీనిని తొలగింప మొదలిడిరి. 2020 జులైలో లినక్సు కెర్నెలు నియమావళి క్రొత్త రచనలో దీనిని వర్జించుమనెను. పూర్వప్రమాణములు విధించిన పేర్లకు మాత్రము మినహాయింపు నిచ్చెను. పేరు మార్చుటచే నడచుచున్న యంత్రము నిలిచిపోరాదు గదా!

తెలుగువారికి మేష్టరనగా బడిపంతులు. ఆ మాట యొక్కటియే యైనచో నొవ్వదు. ‘బానిస’ యట్లు కాదు. వెట్టిచాకిరి చట్టముచే రద్దయినది 1976లో; దానిని తాతలనోట వినిన విద్యార్థు లిప్పటికిని తరగతులలో నున్నారు. అదియు నటుండనిండు, ఉపమానమే తప్పు. బానిస పనిచేయును, రెండవ డేటాబేసు నకలు వ్రాసికొనును. తాళపత్ర పరిష్కర్తలకు పరిచితమైన ‘మాతృక-ప్రతి’ యను జంట యిచ్చట చక్కగ నొప్పును. మాతృక శిథిలమైనపుడు ప్రతియే తరువాతి ప్రతులకు మాతృక యగును. ప్రధాన డేటాబేసు చెడినపుడు నకలునే ఆ స్థానమున నిలుపుదురు. యజమాని-బానిస లను మాటలలో నీ మార్పిడి యిముడదు.

ఒక పరికర మాజ్ఞాపింప వేరొకటి నెరవేర్చుచోట మాత్ర మీ జంట పనికిరాదు. ఐ2సి ప్రమాణమున 2021లో ‘కంట్రోలర్’, ‘టార్గెట్’ అను పేర్లు స్వీకరించిరి. మొదటిదానికి ‘నియంత్రకము’ చాలును. రెండవదానిని ‘లక్ష్యము’ అనినచో బాణప్రయోగము తలపునకు వచ్చును. పేరుపెట్టి పిలువబడినది గనుక ‘ఉద్దిష్టము’ మేలని నా యభిప్రాయము.